చక్కెర వ్యాధి ప్రశ్నాపత్రం: జార్జి టౌన్‌లో జవాబు ఏ భాషలో?

వైద్యం నిమిత్తం చెన్నపట్నపు పాత నగరమైన జార్జి టౌన్ పరిసరాలకు చేరే తెలుగువారు రెండు విధాలు. తరతరాలుగా ముత్యాలపేటలోనూ, పెద్దనాయకన్‌పేటలోనూ, తంగసాల వీధిలోనూ, గోవిందప్ప నాయకన్ వీధిలోనూ కాపురముంటూ వ్యాపారాలు సాగిస్తున్నవారు ఒక విధం. సూళ్లూరుపేట, తడ, సత్యవేడు, నగరి, పళ్ళిపట్టు, తిరుత్తణి వైపుల నుండి తెల్లవారుజామున రైలో బస్సో పట్టుకొని వచ్చి, చీటీ రాయించుకొని, మాత్రలు తీసుకొని సాయంత్రానికి ఇల్లు చేరేవారు రెండో విధం. మొదటివారు తమిళం ధారాళంగా మాట్లాడతారు. చదవడం మాత్రం అందరికీ రాదు. రెండోవారిలో చాలామందికి ఆ రెండూ అంతంత మాత్రమే. మధుమేహ పరీక్షకు వచ్చిన రోజున ఈ ఇద్దరి ముందుకూ వచ్చేది ఒకే కాగితం: రోగిని అడగవలసిన ప్రశ్నల పట్టిక.

ఆ పట్టికను చాలా కుటుంబాలు రాతకోతల లాంఛనంగానే చూస్తున్నాయి. రక్తం ఇచ్చాము, అంకె వచ్చింది, ఇక ప్రశ్నలెందుకు అన్నది సాధారణ అభిప్రాయం. రక్తంలో చక్కెర 240 ఉన్నదని యంత్రం చెప్పగలదు. మాత్ర వేసుకోకపోవడం వల్ల పెరిగిందా, వేసుకొన్నా చాలకపోవడం వల్ల పెరిగిందా, రాత్రి పెళ్ళి భోజనం వల్ల పెరిగిందా అన్నది యంత్రానికి తెలియదు. ఆ మూడింటికీ చికిత్స వేరు. వేరని తేల్చేది జవాబే. జవాబు తప్పయితే చికిత్స తప్పుతుంది. ఆ తప్పు ఒక్కొక్కసారి ప్రాణం మీదికి వస్తుంది.

ఈ విషయంలో జార్జి టౌన్‌కు ఒక చరిత్ర ఉన్నది. 1782 నాటి కరవు కాలంలో గంజి పోయడానికి వెలసిన మనేగారు సత్రం నుండి పెరిగినదే ఈనాటి స్టాన్లీ ఆసుపత్రి. 1938లో అది వైద్య కళాశాల అయింది. 1948లో ఆచార్య ఎం. విశ్వనాథన్ అక్కడ మధుమేహానికి ప్రత్యేక విభాగం నెలకొల్పారు. దేశంలో మొట్టమొదటిది అదేనని చెబుతారు. 1954లో ఆయనే పక్కనున్న రాయపురంలో మధుమేహానికే ప్రత్యేకించిన ఆసుపత్రిని స్థాపించారు. అంటే సరిహద్దు పల్లెల పాత తరం 'పట్నం ఆసుపత్రి' అని పిలుచుకొనే చోటులోనే ఈ వ్యాధికి ప్రత్యేక వైద్యం తొలి అడుగులు వేసింది. ఆనాడు ధనవంతుల జబ్బుగా పేరుబడ్డది ఈనాడు కూలి ఇంటిలోనూ ఉన్నది.

ఎంతమందికి ఉన్నదో చెప్పే లెక్కలూ ప్రశ్నాపత్రాల నుండే పుట్టాయి. భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యంలో దేశమంతటా 1 లక్షా 13 వేల మందిని పరీక్షించిన అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నదనీ, మరో 13.6 కోట్ల మంది దాని ముంగిట ఉన్నారనీ అది అంచనా వేసింది. తమిళనాడులో 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో జరిగిన సర్వేలో 18 నుండి 69 ఏళ్ళ వారిలో 17.6 శాతానికి వ్యాధి ఉన్నట్లు తేలింది. అంతకంటె కలవరపరచే సంగతి మరొకటి: వ్యాధి ఉన్నవారిలో చక్కెర అదుపులో ఉన్నది 10.8 శాతానికే. మందులు ఉచితంగా దొరికే రాష్ట్రంలో నూటికి ఎనభై తొమ్మిది మందికి అదుపు తప్పిందంటే, లోపం మందుల అరలో మాత్రమే వెదికితే దొరకదు.

అమ్మకు ఉన్నదా, లేదా?

ప్రశ్నాపత్రాలలో రెండు జాతులున్నాయి. వ్యాధి ఉన్నదో లేదో తెలియనివారిని జల్లెడ పట్టేవి కొన్ని. వ్యాధి ఉన్నవారిని మూడు నెలలకో ఆరు నెలలకో పరీక్షించేటప్పుడు అడిగేవి కొన్ని. మొదటి జాతిలో మన ప్రాంతానికి బాగా పనికివచ్చేది చెన్నైలోనే తయారయింది. వైద్యుడు వి. మోహన్ బృందం చెన్నై నగరంలో జరిపిన పెద్ద సర్వే ఆధారంగా 2005లో ప్రకటించిన 'భారతీయ మధుమేహ ముప్పు గణన' అది. నాలుగే ప్రశ్నలు: వయసు, నడుము చుట్టుకొలత, శరీర శ్రమ, తల్లిదండ్రులలో వ్యాధి. మొత్తం 100 మార్కులు. 60 గాని అంతకు మించి గాని వస్తే ముప్పు ఎక్కువ, 30 నుండి 50 వరకు మధ్యస్థం, 30కి లోపు తక్కువ. బడిలో మార్కులు ఎక్కువ వస్తే సంతోషం; ఇక్కడ తలకిందులు.

ఒక లెక్క వేసి చూడవచ్చు. తంగసాల వీధిలో అంగడి గల్లా దగ్గర పొద్దస్తమానం కూర్చునే 52 ఏళ్ళ స్త్రీ అనుకొందాం. యాభై దాటిన వయసుకు 30, నడుము 88 సెంటీమీటర్లకు 10, శ్రమా వ్యాయామమూ రెండూ లేనందుకు 30, తండ్రికి వ్యాధి ఉన్నందుకు 10. మొత్తం 80. ఆమెను రక్తపరీక్షకు పంపాలనడానికి వేరే ఆలోచన అక్కరలేదు. ఇక సత్యవేడు వైపు పల్లెలో కలుపు తీసే, గడ్డి మోసే అదే వయసు స్త్రీని తీసుకొందాం. వయసుకు 30, నడుము 76 కనుక సున్న, కష్టమైన పని ఉన్నా వేరే వ్యాయామం లేనందున 20. మీ అమ్మకు గాని నాన్నకు గాని చక్కెర ఉన్నదా అని అడిగితే ఆమె 'లేదు' అంటుంది. మొత్తం 50, మధ్యస్థం.

ఆ 'లేదు'లో ఎంత నిజమున్నది? ఆమె తల్లి జన్మలో ఒక్కసారి కూడా రక్తపరీక్ష చేయించుకోలేదు. చివరి ఏళ్ళలో కాలి పుండు మానక, దాహం తీరక, బరువు తగ్గి పోయింది. ఊళ్ళో ఎవరో చేసిన చేతబడి అనుకొన్నారు. ఆ తల్లికి వ్యాధి ఉన్నట్లయితే మరో 10 చేరి లెక్క 60 అవుతుంది. మధ్యస్థం కాస్తా ముప్పు ఎక్కువగా మారుతుంది. ప్రశ్నను 'మీ అమ్మకు షుగరు ఉన్నదా' అని గాక, 'మీ అమ్మకు ఎప్పుడైనా పరీక్ష చేయించారా, ఆమె ఎట్లా పోయారు' అని అడిగితే తప్ప ఈ పది మార్కులు బయటపడవు. పట్టికలో ఉన్నవి రెండే గళ్ళు, ఉన్నది, లేదు. మూడో గడి, 'తెలియదు' అన్నది, పల్లె కుటుంబాల విషయంలో అన్నిటికంటె ముఖ్యమైనది.

గ్రామాలలో ఆశా కార్యకర్తలు 30 ఏళ్ళు దాటిన ప్రతివారికీ నింపే పట్టికలోనూ ఇదే చిక్కు. అందులో 4కు మించి మార్కులు వచ్చినవారిని ముందుగా పరీక్షకు పంపుతారు. పొగాకు, మద్యం ప్రశ్నలు కూడా అందులో ఉన్నాయి. అత్తగారి ముందు కోడలిని, కోడలి ముందు మామగారిని ఆ ప్రశ్నలు అడిగితే వచ్చే జవాబుల విలువ ఎంతో వేరుగా చెప్పనక్కరలేదు.

'వేసుకొంటున్నాను' అన్న మాట బరువు

రెండో జాతి ప్రశ్నలలో అసలు ప్రమాదం ఉన్నది. మాత్రలు క్రమం తప్పకుండా వేసుకొంటున్నారా అని అడిగితే మనవారు 'ఆఁ, వేసుకొంటున్నానండి' అంటారు. పెద్దవారు అడిగినప్పుడు కాదనకపోవడం మర్యాదగా నేర్చిన జాతి. మందు మానిన సంగతి చెబితే తిడతారేమోనన్న బెరుకు దానికి తోడు. ఈ మర్యాద మన ఒక్కరి సొత్తు కాదు. అమెరికాలో 1986లో మోరిస్కీ అనే పరిశోధకుడు సహచరులతో కలసి ప్రకటించిన నాలుగు ప్రశ్నల పత్రం దీనిని గ్రహించే తయారయింది. అందులో 'ఎప్పుడైనా మరచిపోతారా', 'ఒంట్లో బాగున్నదనిపిస్తే మానేస్తారా' అన్న తీరున ప్రశ్నలుంటాయి. అవునంటే తప్పు ఒప్పుకొన్నట్లు గాక, సహజమైన సంగతి చెప్పినట్లు అనిపించేలా కూర్చారు.

ఆ కూర్పును తెలుగులోకి మార్చేటప్పుడు జాగ్రత్త చాలకపోతే అంతా చెడుతుంది. 'మీరు మాత్రలు మరచిపోవడం లేదు కదా?' అని అడిగామంటే, 'అవును' అన్న జవాబుకు రెండు అర్థాలు. రాసుకొనే నర్సు ఏ అర్థం తీసుకొంటే రోగి భవిష్యత్తు అటు తిరుగుతుంది. వారంలో మూడు రోజులు మాత్ర మానిన మనిషి 'క్రమంగా వేసుకొంటున్నాడు' అని పట్టికలో పడితే, వైద్యుడు ఆ మోతాదు చాలడం లేదని నిశ్చయించి పెంచుతారు. పెంచిన మాత్రను ఇంట్లోవారు భయపడి రోజూ వేయించడం మొదలుపెడతారు. గ్లిమెపిరైడ్ వంటి మాత్ర అయితే, ఇన్సులిన్ అయితే, చక్కెర ఉన్నపళంగా 70కి దిగువకు పడిపోతుంది. తెల్లవారుజామున లేచి దొడ్డికి వెళ్ళబోయి పడిపోయే వృద్ధుల కథ చాలావరకు ఇదే. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ ప్రమాదం అరుదు.

చక్కెర పడిపోయే లక్షణాలు అడిగే ప్రశ్నలో భాష మరింత ఇబ్బంది పెడుతుంది. తమిళంలో కళ్ళు తిరగడాన్నీ స్పృహ తప్పడాన్నీ 'మయక్కం' అంటారు. తెలుగు చెవికి అది 'మైకం'గా వినిపిస్తుంది. మీకు మయక్కం వస్తుందా అని అడిగితే, సారా ముట్టని రైతు అవమానంగా భావించి 'మా ఇంటా వంటా లేదు' అంటాడు. పట్టికలో 'లేదు' పడుతుంది. అటువైపు చూస్తే, 'కళ్ళు తిరుగుతున్నాయి' అని తెలుగువారు చెప్పినది తమిళ చెవికి కంటి జబ్బుగా తోచే అవకాశం ఉన్నది. తమిళుల 'వలి' నొప్పి. తెలుగు నిఘంటువులలో 'వలి' చలి. ఒకే తల్లి పిల్లలైన భాషలు కావడం వల్లనే ఇన్ని పొరపాట్లు. బొత్తిగా తెలియని భాష అయితే మళ్ళీ అడుగుతారు. తెలిసినట్లుండే భాషలో ఎవరూ అడగరు.

పరగడుపు అన్న మాటకూ ఇదే గతి. భోజనం చేశారా అంటే చెన్నై తెలుగువారు కూడా 'లేదు' అంటారు. నాలుగు ఇడ్లీలు తిని వచ్చి ఉంటారు. ఇడ్లీ టిఫిను, భోజనం కాదు. కాఫీ అయితే అసలు తిండి లెక్కలోకే రాదు. 'పథ్యం చేస్తున్నారా' అన్నది ఇంకొక వల. మన పెద్దలకు పథ్యమంటే వంకాయ, గోంగూర, పులుపు మానడం. అవి మాని, పళ్ళెం నిండా అన్నం తిని, పథ్యం తప్పలేదని నిజాయితీగానే చెబుతారు. నగర ఆసుపత్రుల తిండి పట్టికలు ఇడ్లీ, దోసె, చపాతీ లెక్కలలో ఉంటాయి. చిత్తూరు సీమ రైతుకు లెక్క సంగటి ముద్దలలో. రాగులు చక్కెర వ్యాధికి మంచివని విని, రెండు ముద్దల చోట మూడు తినేవారికి ఆ ముద్ద బరువెంత అని అడిగే ప్రశ్న కావాలి.

పాదాల ప్రశ్నలు దాటవేయడానికి వీలులేదు. మిచిగాన్ విశ్వవిద్యాలయంలో తయారైన నరాల దెబ్బను కనిపెట్టే పత్రంలో రోగిని అడిగేవి 15 ప్రశ్నలు. కాళ్ళు మొద్దుబారుతున్నాయా, మంటలున్నాయా, దుప్పటి తగిలితే నొప్పిగా ఉంటుందా, స్నానపు తొట్టెలో దిగేటప్పుడు వేడినీళ్ళూ చన్నీళ్ళూ తేడా తెలుస్తుందా. దుప్పటి సరే, తొట్టె మన పల్లెలలో ఎక్కడిది? నడుస్తుండగా చెప్పు జారిపోయినా తెలియకుండా ముందుకు వెళ్ళిన సందర్భం ఉన్నదా అని అడగడం మనకు సరిపోతుంది. తిరుత్తణి కొండ 365 మెట్లు ఎండలో వట్టి కాళ్ళతో ఎక్కి, ఇంటికి వచ్చాక అరికాలి బొబ్బ చూసుకొన్నవారు ఆ బొబ్బ మంట తెలిసిందా లేదా అన్నది తప్పక చెప్పాలి. తెలియలేదంటే స్పర్శ పోయిందన్నమాట. సన్నని నైలాను పోగుతో పాదాన్ని తాకి చూసే పరీక్ష నిమిషాలలో అయిపోతుంది, ఖర్చు లేనిది. కాలు తీసివేయవలసి వచ్చే దుస్థితికి మొదటి మెట్టు నొప్పి లేకపోవడమే. నొప్పి లేదన్న సంతోషంతో గడిలో 'లేదు' రాయించి వెళ్ళిపోవడం కంటె దురదృష్టం లేదు.

చదివేది మనవరాలు

2006లో తమిళనాడు శాసనసభ ఆమోదించిన చట్టంతో ఆ రాష్ట్ర పాఠశాలల్లో తమిళం మొదటి తరగతి నుండి క్రమక్రమంగా తప్పనిసరి అయింది. దాని మంచిచెడ్డల చర్చ వేరు. అల్పసంఖ్యాక భాషల వారు న్యాయస్థానాలకు వెళ్ళిన సంగతి పాఠకులకు విదితమే. వైద్యశాలలో దాని ఫలితం ఒకటి కనిపిస్తుంది. జార్జి టౌన్ తెలుగు ఇళ్ళలోనూ, 1960లో మద్రాసు రాష్ట్రంలో కలిసిన తిరుత్తణి తాలూకా ఇళ్ళలోనూ నాయనమ్మకు తెలుగు అక్షరాలు వచ్చు, లేదా ఏవీ రావు. మనవరాలికి తమిళ, ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, తెలుగు అక్షరాలు రావు. ప్రశ్నాపత్రం చదివి అర్థం చెప్పేది ఆ పదమూడేళ్ళ పిల్ల.

పిల్ల తెలివైనదే కావచ్చు. అయినా రాత్రి ఎన్నిసార్లు మూత్రానికి లేస్తారు అన్నంతవరకే ఆమె అడగగలదు. తెల్లబట్ట, దురద, దాంపత్యం గురించిన ప్రశ్నలు రాగానే ఆమె తలవంచుకొని తనే 'లేదు' టిక్కు పెడుతుంది. మనసు దిగులుగా ఉన్నదా అని అడిగే తొమ్మిది ప్రశ్నల పత్రం ఇప్పుడు చాలాచోట్ల మధుమేహ పరీక్షలలోనూ వాడుతున్నారు. గడచిన రెండు వారాలలో నిద్ర, ఆకలి, నీరసం, ఉత్సాహం ఎట్లా ఉన్నాయని అడిగి ఒక్కొక్కదానికి 0 నుండి 3 వరకు మార్కులు వేస్తారు. చివరిది బతుకుపై విరక్తిని గురించినది. మనవరాలి ముందు ఏ అవ్వా దానికి నిజం చెప్పదు. పైగా నిద్రలేమి, నీరసం చక్కెర వ్యాధివల్ల కూడా వస్తాయి. వట్టి మొత్తం చూసి నిర్ణయించకుండా విడిగా కూర్చోబెట్టి మాట్లాడవలసి ఉంటుంది. ఆ వెసులుబాటు ఆసుపత్రిలో దొరకనివారికి 14416 అనే ఉచిత టెలి మానస్ సంఖ్యలో తెలుగులోనూ సలహా లభిస్తుంది.

'ఎవరి భాషలో వారిని అడగడం' సాధ్యమేనని చూపే అనుభవం కూడా తమిళనాడులోనే ఉన్నది. 2021 ఆగస్టు 5న ముఖ్యమంత్రి ఎం.కె. స్టాలిన్ 'మక్కళై తేడి మరుత్తువం', అనగా ప్రజల చెంతకే వైద్యం, పథకాన్ని ప్రారంభించినది కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో. తెలుగు, కన్నడం వాడుకలో ఉన్న సీమ అది. మహిళా ఆరోగ్య స్వచ్ఛంద కార్యకర్తలు ఇంటికి వచ్చి రక్తపోటు, చక్కెర చూసి మాత్రలు ఇచ్చే ఆ పథకానికి 2024లో ఐక్యరాజ్యసమితి విభాగపు పురస్కారం లభించింది. ఊరిమనిషే వచ్చి అడిగినప్పుడు కాగితం ఏ లిపిలో ఉన్నా ప్రశ్న ఇంటిభాషలోనే పడుతుంది. పట్నపు పెద్ద ఆసుపత్రిలో ఆ చనువు ఉండదు; కనుక అక్కడ కాగితమే తెలుగులో ఉండాలి.

దీనికి ఆధారాలు లేకపోలేదు. ఒక జిల్లాలో గాని తాలూకాలో గాని 15 నుండి 20 శాతం వరకు ఉన్న అల్పసంఖ్యాక భాషవారికి ముఖ్య ప్రకటనలు వారి భాషలో వెలువరించాలన్నది రాష్ట్రాల పునర్విభజన నాటి నుండి వస్తున్న అంగీకారం. హోసూరు వంటి తాలూకాలవారు దీనిని ఎత్తి చూపవచ్చు. జార్జి టౌన్‌లో ఈ వాదన నిలవడం కష్టం. అక్కడ ఎవరి వాటా ఎంతని లెక్కపెట్టే లోపల రోగి ఇంటికి వెళ్ళిపోతాడు. దానికంటె పదునైనది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం. సమాచారం దేనికి సేకరిస్తున్నారో తెలిపే నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగపు ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గాని పొందే ఎంపికను ఆ చట్టం పౌరునికిచ్చింది. తెలుగు ఆ షెడ్యూలులో ఉన్నది. నియమావళి 2025 నవంబరులో వెలువడింది. అమలు దశలవారీగా సాగవలసి ఉన్నది. చట్టం చెప్పేది నోటీసు గురించి. ప్రశ్నల గురించి కాదు. అయితే నోటీసు తెలుగులో అచ్చువేసిన ఆసుపత్రి దాని వెనుక పేజీలో ప్రశ్నలు కూడా వేయడానికి అభ్యంతరం ఏముంటుంది?

అచ్చువేయడానికి ముందు ఒక పని ఉన్నది. తెలుగులోకి మార్చినదాన్ని మూలం చూడని మరొకరిచేత తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి, రెంటినీ పోల్చి, ఆ తరువాత పదిమంది రోగుల ముందు చదివి వారేమి అర్థం చేసుకొన్నారో అడగాలి. ఆ పదిమందిలో కొత్వాల్ చావడి వ్యాపారి ఒకరు, తడ మత్స్యకారుడు ఒకరు, నగరి చేనేత కార్మికుడు ఒకరు ఉండాలి. హైదరాబాదులో తయారైన తెలుగు పత్రం మన్నడి వీధిలో అట్లాగే చెల్లుతుందనుకోవడం పొరపాటు.

అంతవరకు కుటుంబాలు చేసుకోగలిగినది ఒకటున్నది. పరీక్షకు వెళ్ళే ముందు రాత్రి, ఇంట్లో తెలుగు రాయగలిగినవారు ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి. గడచిన వారంలో మాత్ర మానిన రోజులెన్ని. చెమటపట్టి, వణుకు పుట్టి, కళ్ళు తిరిగిన పూట ఏది, అప్పుడు ఏమి తిన్నారు. పెరటాసి శనివారమో ఏకాదశో ఉపవాసమున్నారా, ఆ రోజు మాత్ర వేసుకొన్నారా. రాత్రి ఎన్నిసార్లు లేచారు. అరికాలిలో పగులు, బొబ్బ, మొద్దు ఏమైనా ఉన్నాయా. తల్లిదండ్రులు ఏ లక్షణాలతో పోయారు. ఆసుపత్రిలో చదివి వినిపించేవారు తమిళులైనా ఈ ఆరు సంగతులు నోటితో చెప్పవచ్చు. నాటు మందు, ఆయుర్వేదం ఏదైనా వాడుతుంటే దాని పొట్లంతో సహా, మిగిలిన మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకొని వెళ్ళాలి. అట్టలో మిగిలినవి లెక్కిస్తే ఏ ప్రశ్నాపత్రమూ చెప్పనిది తెలుస్తుంది. పరగడుపు పరీక్ష అయితే రైలెక్కేముందు కాఫీ తాగరాదు, చక్కెర లేని కాఫీ అయినా సరే. మంచినీళ్ళు తాగవచ్చు. ఇన్సులిన్ వాడేవారు ఆ ఉదయపు సూది సంగతి ముందే వైద్యుని అడిగి తెలుసుకొని, చక్కెర పొట్లం ఒకటి జేబులో ఉంచుకోవాలి.